పుట్టలేదా? బ్రదుకలేదా?

యోగ్యత గలవాడు ఎచ్చట నున్నను ఎట్లైనను పైకి వచ్చి తీరునని లోకులు సాధారణముగ ననుచుందురు. పువ్వు పుట్టగనే పరిమళించునను సామెతను ఇందులకే వాడుదురు. వినుటకు మాట యింపుగనే యుండును. కాని దీని వెనుక మఱియొక మాట మాటుపడి యున్నది. పరిమళింపనిది పువ్వే కాదనియు, పైకి రానివానియందు యోగ్యతయే లేదనియు ఆ రెండవ మాట. మొదటి మాటను పదుగురిలో బిగ్గఱగ ననుదురు; రెండవదానిని పైకి ననకయే దాని ననుసరించి నడచుకొందురు. ఒక కుటుంబమున పలు తరములనుండి చదువుకొన్న స్త్రీ యొక్కతెయు లేకున్నచో, ఆ యింటి యాడువారికి చదువునం దాసక్తి లేదని తీర్మానింతురు. ఒక వాడయందు పద్యము చెప్పగలవా డొక్కడును లేకున్నచో, ఆ వాడవారి బుద్ధి యంతవఱకేయని తేల్చివేయుదురు.

ఈ తీర్మానమునకు ఆధారమేమి? కనబడకపోవుటయే యాధారము. మన మీమాంసకులు ఈ విషయమున మిక్కిలి జాగరూకులు. ఒక వస్తువు కనబడకపోవుటచేత అది లేదని చెప్పవలెనన్నచో, అది యున్నపక్షమున తప్పక కనబడదగిన స్థితి యుండవలెనని వారు నియమము పెట్టిరి. దీపము లేని గదిలో కుండ కనబడలేదని కుండ లేదనరాదు. ఈ నియమమును మనము కుండల విషయమున పాటింతుము గాని మనుష్యుల విషయమున పాటింపము.

ఈ ప్రశ్ననుగూర్చి ధర్మశాస్త్రములయందును నీతిగ్రంథములయందును చెప్పబడినది చాల గలదు. నేను వానిని విడిచి శరీరశాస్త్రమునందలి యొక వృత్తాంతమును చదువరుల యెదుట నుంచదలచితిని. మెదడునందలి నాడీకణములు ఎట్లు పెరుగును, ఎందుచేత నిలుచును, ఎందుచేత నశించును అను విషయమున ఇరువదవ శతాబ్దమున జరిగిన విచారణమే ఆ వృత్తాంతము. శాస్త్రము నీతిని బోధించునని నే ననను. కాని ఒక తప్పుడు తర్కము ఎట్లు పుట్టునో, దానినుండి యెట్లు బయటపడవచ్చునో, ఇంత స్పష్టముగ జూపిన నిదర్శనము నాకు మఱియొకటి కానరాలేదు.

మనుష్యుని మెదడునందు సుమారు 8,600 కోట్ల నాడీకణము లున్నవని శాస్త్రజ్ఞులు లెక్కించిరి. ఒక్కొక్క కణమునకును చిన్న దేహమును, దానినుండి సాగిన సన్నని తంతువును ఉండును. ఆ తంతువు దూరముననున్న మఱియొక కణమునో, కండరమునో, చర్మమునో చేరి దానితో సంబంధము కలుపుకొనవలెను. సంబంధము కుదిరిననే ఆ కణముయొక్క పుట్టుక సార్థకము. పిండదశయందు నాడీకణములు కావలసినదానికంటె హెచ్చుగ పుట్టును. పుట్టినవానిలో కొన్ని నిలుచును. కొన్ని తంతువును చాచి, చేరవలసిన చోటికి చేరియు చేరకయే నశించును. కొన్ని సమూహములయందు ఇట్లు నశించునవి సగమువఱకు నుండును. ఇది రోగము గాదు. ఆరోగ్యముతో పెరుగు ప్రతి పిండమునందును జరుగునదియే. మఱి నిలుచునవి యేల నిలుచును?

విక్టర్ హాంబర్గర్ అను జర్మనీదేశపు జీవశాస్త్రజ్ఞుడు 1934వ సంవత్సరమున ఒక పరిశోధనను ప్రకటించెను. ఆయన గ్రుడ్డుపెంకునకు చిన్న కిటికీవంటి రంధ్రము చేసి, లోపలి కోడిపిండమున రెక్కగా పెరుగవలసిన మొగ్గను కోసివేసి, గ్రుడ్డును మరల పొదిగించెను. కొన్ని దినములైన పిమ్మట పిండమును తీసి చూడగా, కోసివేసిన ప్రక్కన రెక్కకు పోవలసిన నాడీకణముల సమూహములు మిక్కిలి కృశించి యుండెను. అవయవమునకును నాడీకణములకును పరస్పర సంబంధ మున్నదని దీనివలన తేలినది. ఎట్టి సంబంధము? హాంబర్గర్ చెప్పిన సమాధాన మిది: రెక్కమొగ్గ యేదో ప్రేరణను పంపి, ఇంకను ఏ రూపమును పొందని లేతకణములను నాడీకణములుగ మార్చుచుండును, మొగ్గ లేనందున ప్రేరణ లేదు, ప్రేరణ లేనందున అవి నాడీకణములు కానేలేదు. అనగా, లేనివి పుట్టలేదు గనుక లేవు.

సమాధానము యుక్తియుక్తముగనే యున్నది. ఆయన సత్యశీలుడు, నిపుణుడు. ఆయన చూచినది నిజమే. అయినను చెప్పినది నిజము గాదు. ఈ సంగతిని కనిపెట్టినయామె ఇటలీదేశమున ట్యూరిన్ నగరమునందు ఒక పడకగదిలో గూర్చుండి కనిపెట్టెను.

రీటా లెవీ-మోంతాల్చీని 1909వ సంవత్సరమున ఆ నగరమునం దొక యూదుల కుటుంబమున జన్మించెను. పావొలా అనునామె ఆమెకు కవలసోదరి. తండ్రి తన కొమార్తెలను ప్రాణముగ జూచుకొనువాడే. స్త్రీలయందు గౌరవము గలవాడే. కాని యుద్యోగమున కుపయోగించు చదువు గృహిణీధర్మమునకును మాతృధర్మమునకును భంగకరమని యాయన నమ్మకము. అందుచేత ముగ్గురు కొమార్తెలలో నెవ్వరును విశ్వవిద్యాలయమున చేరరాదని నిశ్చయించెను. ప్రేమించు తండ్రియే ఇట్లు నిశ్చయించెననుట గమనింపదగినది. మన యిండ్లలోను ఇట్టి నిశ్చయములు చేయువారు క్రూరులు కారు; మిక్కిలి ప్రేమగలవారే. ఇరువదవయేట రీటా తండ్రితో వాదించి యనుమతి సంపాదించి, ఎనిమిది మాసములలో లాటిన్, గ్రీకు భాషలయందును గణితమునందును తనకు గల లోటును పూర్తిచేసికొని, వైద్యకళాశాలలో చేరి, 1936వ సంవత్సరమున పట్టము పొందెను. జ్యుసెప్పె లెవీ అను శరీరశాస్త్రాచార్యుడు ఆమెకు గురువు.

1938వ సంవత్సరమున ముస్సోలినీ ప్రభుత్వము యూదులు విద్యాసంస్థలలో పనిచేయరాదని చట్టము చేసెను. గురువును శిష్యురాలును ఇద్దరును వెలుపలికి పోవలసివచ్చెను. ఆమె కొంతకాలము బెల్జియమున నుండి, యుద్ధము దాపురింపగా ఇల్లు చేరి, తన పడకగదినే ప్రయోగశాలగ మార్చుకొనెను. కుట్టుసూదులను నూఱి శస్త్రములుగ జేసికొనెను. గడియారములు బాగుచేయువారి పట్టకారును, కంటివైద్యుల చిన్న కత్తెరను సంపాదించెను. గ్రుడ్లను పొదిగించు పెట్టెను సమకూర్చుటలో అన్న జీనో తోడ్పడెను. ఉద్యోగము పోయిన గురువు తానే వచ్చి ఆ గదిలో శిష్యురాలికి సహాయకుడయ్యెను. నగరముపై బాంబులు పడసాగగా కుటుంబమంతయు పల్లెకు తరలెను. అచ్చటను ఆమె పని మానలేదు. సైకిలుపై రైతుల యిండ్లకు తిరుగుచు, తన పసిబిడ్డలకు పుంజు గలచోటి గ్రుడ్లే బలకరమని చెప్పి గ్రుడ్లు కొనుచుండెను. ఆమెకు బిడ్డలు లేరు. పిండములను తీసికొనిన పిమ్మట మిగిలిన గ్రుడ్లు కుటుంబమునకు భోజన మగుచుండెను. ఆ సంగతి తెలిసినపిమ్మట అన్నగారు గ్రుడ్డట్టు ముట్టుట మానిరట.

ఆమె చేసినది హాంబర్గర్ చేసిన పరిశోధనయే. ఆయన వ్యాసమును 1940 వేసవిలో రైలుబండిలో పోవుచు చదివి, ఆ పనినే తానును చేయవలెనని పూనుకొనెను. కాని యొక్క భేద మున్నది. ఆమె వేర్వేఱు దినముల పిండములను వరుసగ తీసి, వెండిలవణముతో నాడీకణములకు రంగు పట్టించి, ఒక్కొక్కదినమున ఎన్ని కణము లున్నవో, ఏ స్థితిలో నున్నవో లెక్కించుచు వచ్చెను. అప్పుడు తెలిసినది. మొగ్గను కోసివేసిన ప్రక్కనుకూడ నాడీకణములు పుట్టుచునే యున్నవి. నాడీకణముల రూపమును పొందుచునే యున్నవి. తంతువులను చాచి, కోసివేయబడిన రెక్కవైపునకు బయలుదేరుచునే యున్నవి. పోయి, అచ్చట నేమియు లేకపోగా, కొలదికాలములో చచ్చిపోవుచున్నవి. హాంబర్గర్ ఇల్లు ఖాళీయైన పిమ్మట చూచి, ఈ యింట నెవ్వరును కాపురముండలే దనుకొనెను. ఆమె యా యింటివారు ఒక్కొక్కరే పోవుట చూచెను.

యూదులు వ్రాసినదానిని ఇటలీ పత్రికలు ప్రకటింపవు. కావున గురుశిష్యు లిద్దరి పేరను ఆ వ్యాసము 1942వ సంవత్సరమున బెల్జియమునందలి యొక పత్రికలో వెలువడినది.

చదువరు లిచ్చట కొంత నిలిచి యోచింపవలెనని నా మనవి. పుట్టలేదనుటకును, పుట్టి బ్రదుకలేదనుటకును తుదకు కానవచ్చు ఫల మొక్కటే. రెండు పక్షములయందును కణములు లేవు. లెక్కవ్రాయువాని పుస్తకమున రెండును శూన్యముగనే వ్రాయబడును. కాని వీని భేదము సామాన్యమైనది గాదు. పుట్టనిదానికి మనము చేయవలసినది లేదు. పుట్టి బ్రదుకలేనిదానికి చేయవలసినది యున్నది. మొదటిది సృష్టి లోపము. రెండవది ఆలంబన లోపము. ఏ ఇంట నేని, ఏ వాడయం దేని విద్వాంసులు లేరని చెప్పునప్పుడు మనము ఏ శూన్యమునుగూర్చి మాటలాడుచున్నాము? ఆ శూన్యమును ఏ దినమున చూచితిమి? కణములు చచ్చిన తరువాతనే కాదా?

యుద్ధానంతరము 1946వ సంవత్సరమున ఆమెకొక యుత్తరము వచ్చెను. వ్రాసినవాడు హాంబర్గరే. ఆయన పూర్వులు యూదులగుటచేత 1933లో జర్మనీ విశ్వవిద్యాలయము ఆయనను తొలగించెను. అప్పటి కమెరికాలో నుండుటచేత అచ్చటనే నిలిచి, సెయింట్ లూయిస్ నగరమున ఆచార్యుడై యుండెను. తన సిద్ధాంతమును ఖండించిన వ్యాసమును చదివి, దానిని వ్రాసినయామెను తన ప్రయోగశాలకు రమ్మని పిలిచెను. 1947లో ఆమె యొక సంవత్సరముండి పోవుదునని వచ్చి ముప్పది యేండ్లుండెను. ఇద్దరును కలిసి పరీక్షించి, ఆమె చెప్పినదే నిజమని 1949వ సంవత్సరమున ఇద్దరి పేరను ప్రకటించిరి. తన పొరపాటును కనిపెట్టినవారిని పిలిచి పీటవేయు పండితులు మన దేశమునను అరుదు, ఆ దేశమునను అరుదే.

అవయవము నాడీకణమునకు ఇచ్చుచుండిన దేమి? హాంబర్గర్ శిష్యుడైన ఎల్మర్ బ్యూకర్ 1948లో చుంచెలుకకు పుట్టిన యొక కణితిముక్కను కోడిపిండమున నాటగా, నాడీతంతువులు దానిలోనికి చొచ్చుకొని పోయినవి. రీటా యా ప్రయోగమును మరల చేసి, కణితిని పిండమునకు వెలుపలి పొరపై, దేనికిని తగులకుండ నుంచినను నాడీకణములు అతిగ పెరుగుచుండుట చూచెను. కావున కణితినుండి యేదియో ద్రవరూపమున వ్యాపించుచున్నదని గ్రహించెను. 1952లో రెండు చుంచెలుకలను వెంటబెట్టుకొని విమానమున బ్రెజిల్ దేశమునకు పోయి, రియో డి జనీరో నగరమున హెర్టా మేయర్ నడపు ప్రయోగశాలలో గాజుపలకపై నాడీకణముల ముద్దను కణితిముక్కచెంత నుంచెను. ఒక్కదినములో ఆ ముద్దచుట్టును సూర్యుని చుట్టు కిరణములవలె తంతువులు మొలిచెను.

1953లో రసాయనశాస్త్రజ్ఞుడైన స్టాన్లీ కోహెన్ ఆమెతో జేరెను. కణితిసారమునందలి యితర పదార్థములను విఱుగగొట్టుటకై ఆయన అందు కొంచెము పాము విషమును కలిపెను. విషము కలిపినపిమ్మట తంతువులు తగ్గుటకు బదులు మఱింత విస్తారముగ మొలిచెను. ఆ ద్రవ్యము కణితియందుకంటె విషమునందే వేల మడుంగులు హెచ్చుగ నున్నదని తేలెను. పాము విషము దాని లాలాగ్రంథియందు పుట్టునదియే కదా యని చుంచెలుక లాలాగ్రంథిని పరీక్షింపగా అందును సమృద్ధిగ లభించెను. అదియొక మాంసకృత్తు. దానికి నాడీవృద్ధికారకమని పేరు పెట్టిరి. ఆ కారకమును హరించు రసమును తయారుచేసి, అప్పుడే పుట్టిన చుంచెలుకలకు ఎక్కింపగా, వాని నాడీమండలమునం దొక భాగము దాదాపు పూర్తిగ మాయమయ్యెను. ఇంతకంటె సాక్ష్య మక్కఱలేదు. 1986వ సంవత్సరమున ఆమెకును కోహెన్‌కును నోబెల్ బహుమానము లభించినది. హాంబర్గర్‌ను విడిచిపెట్టుట న్యాయమా యని అప్పుడు కొందఱు ప్రశ్నించిరి. నాకును అది న్యాయముగ దోచదు.

1982వ సంవత్సరమున ఇవ్-ఆలెన్ బార్డ్ అను శాస్త్రజ్ఞుడును సహచరులును పంది మెదడునుండి ఇట్టిదే మఱియొక ద్రవ్యమును వేఱుచేసిరి. తరువాత ఈ కుటుంబమునకు జేరినవి మఱికొన్ని దొరకినవి. మెదడులోపలి కణములలో ననేకము ఒక్క ద్రవ్యముపైననే ప్రాణము నిలుపుకొనునవి కావు. వానికి పలుతావులనుండి పోషణ వచ్చును. అచ్చట నీ కారకములు బ్రదుకునకంటె పెంపునకే యెక్కువగ తోడ్పడును. శాఖలు చాచుట, ఒకదానితో నొకటి సంబంధము కలుపుకొనుట, కలిపిన సంబంధమును గట్టిపఱచుకొనుట మొదలైనవి. మఱియు కణము పనిచేయుచున్నకొలది ఈ ద్రవ్యము వెలువడును. కొనియాడదగిన సంగతి యిది.

ఇంతవఱకు నేను పోషణ, పోషణ యని వ్రాసితిని. వినువారికి ఇది యాహారమని తోచును. కాదు. ఆహారము రక్తమునుండి వచ్చును. చచ్చు కణమునకును అది యందుచునే యున్నది. ఈ కారకము అత్యల్పముగ నుండును. తంతువు కొసయందు గ్రహింపబడి, తంతువువెంట వెనుకకు నడచి, కణదేహమునకు జేరును. అది తెచ్చునది బలము గాదు, వార్త. నీవు చేరిన చోట నీతో పని యున్నదను వార్త. 1988వ సంవత్సరమున సెయింట్ లూయిస్ నగరమునందే జరిగిన యొక పరిశోధన దీనిని మఱింత తేటపఱచినది. కారకమును తొలగించిన నాడీకణములు కొన్ని దినములలో చచ్చును గదా. వానిలో క్రొత్త మాంసకృత్తులు తయారుగాకుండ ఆపివేయగా, ఆ కణములు చావలేదు! అనగా, అవి యాకలిచే మలమల మాడి చచ్చుట లేదు. తన చావునకు కావలసిన సాధనములను కణమే తయారుచేసికొని తన్ను తాను నశింపజేసికొనుచున్నది. మార్టిన్ రాఫ్ అను శాస్త్రజ్ఞుడు 1992లో ఈ విషయమును మఱింత విస్తరించి, దేహమునందలి కణములలో చాలవఱకు ఇతర కణములనుండి నిలువుమను సంజ్ఞ వచ్చుచున్నంతవఱకే నిలుచుననియు, అది యాగినచో తమంతట తామే నశించుననియు వాదించెను.

కూడును గుడ్డయు పెట్టుచున్నాము గదా, ఇంకేమి లోపమని యనువారికి ఈ సంగతి చెప్పదగినది. రొమేనియాదేశమున 1966లో గర్భస్రావమును నిషేధించుటచేత పెంపలేని బిడ్డలు వేలకొలదిగ అనాథాలయములు జేరిరి. 1989లో ఆ ప్రభుత్వము కూలినపిమ్మట లోకము వారిని చూచినది. 2000వ సంవత్సరమున అమెరికా శాస్త్రజ్ఞులు బుకారెస్టు నగరమున 136 మంది పసివారిని తీసికొని, చీట్లు వేసినట్లు ఎంచి, సగముమందిని పెంపుడు కుటుంబముల కప్పగించిరి. కుటుంబముల చెంత పెరిగినవారు బుద్ధియందు మేలుగ వికసించిరనియు, రెండేండ్లు నిండకముందు చేరినవారికి లాభము హెచ్చుగ నుండెననియు 2007లో ప్రకటించిరి. ఆలయములయందు పాలు లేకపోలేదు, పడక లేకపోలేదు. ఎత్తుకొని మాటలాడువారు చాలినంతమంది లేరు. ఈ బిడ్డల స్థితికి నేను చెప్పిన కారకములే కారణమని ఆ పరిశోధన నిరూపింపలేదు, నేనును అట్లనను. మిగిలిన సగముమందిని ఆలయములందే యుంచి పోల్చి చూచుట ధర్మమా యను ప్రశ్నయు నా మనస్సును విడువకున్నది. అప్పటికి ఆ నగరమున పెంపుడు కుటుంబములే మిక్కిలి యరుదనియు, తరువాత చోటు దొరకిన బిడ్డను ఆపలేదనియు వారి సమాధానము.

ఇక ఆక్షేపణలు. ప్రకృతియే సగము కణములను చావనిచ్చుచున్నది గదా. సమాజమునను కొందఱు నిలుచుట, కొందఱు పోవుట ప్రకృతిధర్మమే గదా యని కొందఱనవచ్చును. ఈ వాదము వినుటకు కొత్త గాదు. దీనిని చేయువాడు ఎల్లప్పుడును నిలిచినవారిలోనివాడే యగుటయు కొత్త గాదు. పిండమునందు కణముల చావు ఒక కార్యమునకై యున్నది: కండర మెంతయో నాడీకణములంత యుండునట్లు కొలత సరిపఱచుటకు. కణమునకు దుఃఖము లేదు, తన జీవితమను తలంపు లేదు. దేహమునకై కణము గాని కణమునకై దేహము గాదు. మనుష్యుడు సమాజదేహమునం దొక కణమని యుపమానముగ చెప్పవచ్చును గాని, ఉపమానమును చట్టముగ జేయరాదు. పైగా పిండమునందు స్థానముల లెక్కను అవయవము నిర్ణయించును. మన పాఠశాలలయందలి స్థానముల లెక్కను మనమే నిర్ణయించుచున్నాము. రెక్కను కోసివేసినది ప్రకృతి గాదు, హాంబర్గర్ చేతిలోని కత్తి.

రెండవ యాక్షేపణ దీనికంటె బలమైనది. ఈ రీటాయే మీ వాదమునకు విరుద్ధసాక్షి కాదా? తండ్రి వద్దనెను, రాజ్యము తరిమెను, బాంబులు పడెను. అయినను పడకగదిలో గూర్చుండి లోకమును మెప్పింపలేదా? పువ్వు పుట్టగనే పరిమళింపలేదా? ఈ ప్రశ్నకు నేను కొంతకాలము తడబడితిని. ఆమె ధైర్యమును తక్కువ చేయుట నా యుద్దేశము గాదు. 1943వ సంవత్సరమున జర్మనులు ఇటలీని ఆక్రమింపగా ఆ కుటుంబము మాఱుపేళ్లతో ఫ్లారెన్సు నగరమున దాగియుండెను. అట్టి దినములు మనలో నెవ్వరికి వచ్చినను ఎంతవఱకు నిలుతుమో! కాని యామె వృత్తాంతమును మరల జదువుడు. చివర కంగీకరించిన తండ్రి యుండెను. పెట్టె సమకూర్చిన అన్న యుండెను. గదిలోనికి వచ్చి పక్కన గూర్చున్న గురు వుండెను. సముద్రమున కావలినుండి రమ్మని వ్రాసిన హాంబర్గర్ ఉండెను. తంతువు చాచినచోటనెల్ల ఎవ్వరో యొకరు అందుకొనిరి. అందుకొన్నవారు లేని రీటాలనుగూర్చి మనము కథలు చెప్పుకొనలేము. వారి పేళ్లు మనకు తెలియవు. నిలిచిన యొక్కదానిని చూపి తక్కినవి పుట్టలేదనుట, ఖాళీ యింటిని చూచి కాపురమే లేదనుటవంటిదే.

ఒక్క సంగతి దాచరాదు. కారకము మితిమీఱినను కీడే. కోహెన్ కనిపెట్టిన మఱియొక వృద్ధికారకమును చుంచెలుక పిల్లలకు ఎక్కింపగా, పదుమూడు పదునాలుగు దినములకు తెఱచుకొనవలసిన కన్నులు ఏడు దినములకే తెఱచుకొనెను. వృద్ధికారకముల సంజ్ఞలు అదుపు దప్పుట కాన్సరువ్యాధికి కారణములలో నొకటి. అసలు ఈ ద్రవ్యము మొదట గానవచ్చినదే యొక కణితియందు. గారాబమునకును ఆలంబనమునకును గల భేదము తల్లులకు నేను చెప్పవలసినది గాదు. అయినను మన దేశమున ఆడుబిడ్డల చదువు విషయమున మితిమీఱిన ప్రోత్సాహమువలన చెడినవారిని నే నింకను చూడలేదు.

రీటా 103 సంవత్సరములు జీవించి 2012వ సంవత్సరమున రోము నగరమున మరణించెను. కవలసోదరి పావొలా చిత్రకారిణియై పేరుపొందెను. అక్కచెల్లె లిద్దరును కలిసి ఆఫ్రికాఖండపు స్త్రీల చదువునకై 1992లో నొక నిధిని స్థాపించిరి.

ఆ యింట మూడవ కొమార్తె యొకతె గలదు. ఆమె పేరు అన్నా. కవలలకంటె అయిదేండ్లు పెద్దది. రీటా పుట్టిన 1909వ సంవత్సరముననే సాహిత్యమునకు నోబెల్ బహుమానము పొందిన స్వీడన్ రచయిత్రి సెల్మా లాగర్లోఫ్ గ్రంథములన్న అన్నాకు చిన్ననాటినుండియు మిక్కిలి ప్రీతి. ఆమె యుత్సాహము చూచియే తానును మొదట రచయిత్రి కావలెనని కలగంటినని రీటా వ్రాసికొన్నది. తండ్రి నిశ్చయము ముగ్గురికిని వర్తించినదే. అన్నా గృహిణియై బిడ్డలతోడను మనుమలతోడను ట్యూరిన్ నగరముననే యుండెను. ఆ జీవితము తక్కువదని నే ననను. ఆమె దానినే కోరుకొని యుండవచ్చును. ఆమెలో రచయిత్రి పుట్టలేదో, పుట్టి నిలువలేదో చెప్పగలవా రిప్పు డెవ్వరును లేరు.